మోకాళ్ళ లోతు మంచు పడే మా ఊరు

శుక్రవారం, నవంబరు 8. అల్ వుకైర్, ఖతార్.
ఈరోజు పనులు: బట్టలు రెండు విడతలు, పప్పుల డబ్బాలు కడిగి ఎండబెట్టడం, ఫ్రిజ్ తుడవడం, ఇస్త్రీ సగం. మిగతా సగం రేపటికి... ఇది రాయడానికి కూర్చున్నాను.

మా చిన్నప్పుడు, చమురు డబ్బుతో దోహా అంతా తవ్వి పోసి ఉన్న రోజుల్లో, మేము ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక ఇంజనీరు గారి ఇంటి వెనక రెండు గదుల్లో ఉండేవాళ్ళం. బాపు ఆయనకు డ్రైవరు. ఆయన భార్య యర్మిలా. చెక్ దేశం ఆవిడ. మా అమ్మకు ఆ పేరు నోరు తిరగక 'ఊర్మిళమ్మ' అయింది. ఆవిడ దానికే పలికేది.

స్కూలు అయ్యాక నేను ఆవిడ వంటింట్లోనే ఉండేదాన్ని. కొట్టువాడు సామాను చుట్టిచ్చిన గోధుమరంగు కాగితాల మీద తన ఊరు గీసి చూపించేది... నలభై ఇళ్ళు, ఒకటే వీధి. ఉత్తరాన అడవి కొండ. ఇళ్ళ మధ్య నుంచి వాగు. వాగుకు అడ్డంగా కట్టిన చెరువు. చలి ముదిరేలోపు ఆ చెరువును ఖాళీ చేసి, ఊరంతా దిగి చేపలు పట్టేవాళ్ళట. ఎప్పటి యుద్ధంలోనో ఊరు తగలబడితే, ఏడు కుటుంబాలు తిరిగొచ్చి మళ్ళీ కట్టుకున్నాయట.

ఆ ఊరి కింద బొగ్గు ఉందని తేలింది. ఇళ్ళన్నీ తీసేస్తున్నారని వాళ్ళ అక్క ఉత్తరం రాసింది. యర్మిలా ఆంటీ వాళ్ళు అనుమతి లేకుండా దేశం దాటి వచ్చినవాళ్ళు, తిరిగి వెళితే జైలే. చివరిసారి చూసి రావడానికి కూడా లేదు. అందుకే, మరిచిపోయేలోపు గీసుకునేది, రాసుకునేది...

ఆ రోజుల్లోనే స్కూల్లో 'మా ఊరు' అని చరిత్ర, భౌగోళికం కలిపి ఒక పేజీ రాయమన్నారు. నాకు బాగా తెలిసిన ఊరు అదొక్కటే. అదే రాశాను... మోకాళ్ళ లోతు మంచుతో సహా.

"ఆదిలాబాద్ జిల్లాలో ఇంత మంచు ఎప్పుడు పడిందమ్మా?" అని టీచర్ నవ్వి, మళ్ళీ రాసి బాపు సంతకం తెమ్మంది.

బాపు ఆ పేజీని తెలుగులో చెప్పించుకుని విన్నాడు.

"ఊర్మిళమ్మ ఊరు రాసినవ్. మరి మన ఊరేమాయె?"

"నాకేం తెలుసు బాపు? నువ్వెప్పుడు చెప్పినవ్?"

"చెప్పనీకేమున్నది... నీళ్ళల్ల పోయింది."

గోదావరి మీద ఆనకట్ట కట్టినప్పుడు మా ఊరు మునిగింది. ఆ తర్వాతే బాపు ఖతార్ వచ్చాడు. సెలవులకు వెళితే నేను చూసింది, నంబర్లు వేసిన ఇళ్ళ కొత్త కాలనీ మాత్రమే. మునిగిన ఊరి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

అమ్మ ఈ సంగతి ఆంటీ చెవిన వేసినట్టుంది. ఆ శుక్రవారం, బాపు ఊరివాళ్ళు అయిదుగురు అమ్మ చేసే సర్వపిండి కోసం కూలీల క్యాంపు నుంచి వచ్చారు. ఆంటీ కాగితం, పెన్సిలు పట్టుకొచ్చి వాళ్ళ చాప మీదే కూర్చుంది. ఇంజనీరు భార్య కింద కూర్చునేసరికి అందరూ లేచి నిలబడ్డారు.

"నీ ఊరు చెప్పు," అంది బాపుతో, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో.

"ఊరు మాఫీ, మేడం. ఖలాస్. పానీ." మాఫీ అంటే ఇక్కడి అరబీలో 'లేదు' అని.

"నాదీ మాఫీ. చెప్పు."

ఆంటీ కాగితం మీద ఒక పెద్ద గీత గీసి, ఇది నది, నీ ఇల్లెక్కడ అన్నట్టు చూసింది. బాపు ఒకచోట వేలు పెట్టాడు.

"గాడ కాదురా," అన్నాడు కొమురన్న, బాపు చిన్ననాటి దోస్తు. "మీ ఇల్లు వడ్లోల్ల ఇంటెన్క. నీ ఇల్లు నీకే యాదికి లేదు, మేడంకు ఊరు చూపెడ్తవా?"

అంతే... అందరూ కాగితం మీదికి వంగారు. చింతతోపు ఎటు, అంగడి ఎటు, పడవ ఎక్కే రేవు ఎటు అని ఒకటే వాదన.

"ఆ ఊర్ల బాయినీళ్ళే తియ్యన. మాటలు కాదు," అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి. ఆమెది పక్కఊరు.

వాళ్ళు తేల్చిందల్లా నేను బొమ్మ పక్కన రాస్తూ పోయాను. పేజీ నిండాక ఆంటీ నాతో పైకి చదివించింది. వాళ్ళ దేశంలో ప్రతి ఊరికీ ఒక పుస్తకం ఉంటుందట. ఏడాదిలో జరిగినదంతా అందులో రాస్తారు. వాళ్ళ ఊళ్ళో రాసింది వాళ్ళ నాన్నే, బడిపంతులు. రాసింది ఊరివాళ్ళ ముందు చదవాలి, తప్పుంటే దిద్దాలి. వినేవాళ్ళు లేకుండా రాసింది లెక్కలోకి రాదు అని ఆయన అనేవాడట. నేనది తెలుగులో చెప్పాను.

నాలుగుచోట్ల దిద్దించి, "ఇగ సరిగున్నది" అన్నాడు కొమురన్న. బాపు సంతకం పెట్టాడు. అడక్కుండానే కొమురన్న పక్కన వేలిముద్ర వేశాడు.

ఆంటీ లేవబోయింది. తన పేజీ వినడానికి ఈ ఊళ్ళో ఆమెకెవరున్నారు...

"కూసో మేడం," అన్నాడు బాపు. "ఇప్పుడు నీది. చదువు బిడ్డా."

ఆంటీ వంటింట్లోంచి ఆమె ఊరి కాగితం తెచ్చి, తెలుగులో చదివాను. ఆ అయిదుగురూ సర్వపిండి తినడం ఆపి విన్నారు.

"గంత మంచు పడితే గొడ్లనేడ కట్టేస్తరు?"

ఇంట్లోనే, పక్క అరలో, వాటి వెచ్చదనం మాకూ వచ్చేది, అంది ఆంటీ.

"నలభై ఇండ్లకు బాయిలెన్ని?" అడిగాడు కొమురన్న.

ఆంటీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బావులు రాయడమే మరిచిపోయింది. కాసేపు కళ్ళు మూసుకుని, రెండు అంది. ఒకటి కమ్మరి కొలిమి దగ్గర, ఒకటి చర్చి వెనక. పెన్సిలు తీసుకుని రెండు సున్నలు చుట్టింది.

"తప్పు దొరికింది, దిద్దినం," అన్నాడు బాపు. "ఇగ మేడం ఊరు లెక్కల ఉన్నట్టే."

మరుసటి ఏడాది వాళ్ళు వేరే దేశం వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రెండు కాగితాలూ నాకిచ్చి, పెద్దయ్యాక ఎవరికైనా వినిపించమంది. సరేనన్నాను.

ఇప్పుడు ఫోనులో ఏ ఊరైనా కనిపిస్తుంది... ఎవరింటి వెనక ఎవరిల్లో మాత్రం అందులో ఉండదు. మీ ఇంటికి ఎడమ పక్క ఇల్లు ఎవరిది? కింద కామెంట్లలో రాయండి, కుదురుగా చదువుతాను. తప్పుంటే మీ ఊరివాళ్ళే దిద్దుతారు.

యర్మిలా ఆంటీకి ఇచ్చిన మాట: రెండు ఊళ్ళు. మీరు విన్నారు కాబట్టి... ఈరోజుతో చెల్లు.