పెనాల సాయిబు తలుపు

సైదా సాహెబు పొద్దున్నే వచ్చి తలుపు తాళం తీసి లోపలికి వెళ్లేవాడు. పక్కనుంచి వెళ్లినా అడ్డేమీ లేదు. ఆ తలుపుకి గోడలు లేవు.

అది 1946. అనకాపల్లి బెల్లం బజారు వెనక, బండ్లు విప్పే ఖాళీ జాగాలో పదిహేనేళ్లుగా అతనిది ఒకటే పని: చిల్లులు పడ్డ బెల్లం పెనాలకు ఇనప రేకు అతుకులు వేయడం. గానుగాటకు నెల ముందు గొలుగొండ నుంచి కూడా బండ్లు వచ్చేవి. బండి మీద పెనం బోర్లించి ఉండేది. తోలేవాడు దాని నీడలో కూర్చుని వచ్చేవాడు. సైదా సాహెబు సుత్తి మోగిందంటే ఇక చెరుకు నరకడమే తరువాయని బజారు లెక్క. ఆ చప్పుడు గుర్తున్నవాళ్లు ఊళ్లో ఇప్పుడు కొద్దిమందే.

అతను పెనం కిందికి దూరి, వెలుతురు ఎక్కడ పడుతోందో చూసి చిల్లులు పట్టేవాడు.

“పైడిరాజూ, నీ పెనంలో పగలే సుక్కలు కనబడతన్నాయి.”

“ఎన్నున్నాయేటి సాయిబూ?”

“సెప్తే నువ్వు ఇక్కడే కూలబడిపోతావు.”

పైడిరాజు గొలుగొండ రైతు. ఆ ఏడాది అతని పెనం అలా బోర్లించే ఉండిపోయింది. యుద్ధం ముగిసినా ఇనుము మీద సర్కారు కంట్రోలు పోలేదు. సైదా సాహెబు దగ్గర రేకు అయిపోయింది. కొత్త రేకుకి పర్మిట్ కావాలి. పర్మిట్ దరఖాస్తులో, పనిచేసే చోటి డోరు నెంబరు రాయాలి. ఖాళీ జాగాకి నెంబరు ఎక్కడిది? రేకు రాకపోతే పైడిరాజు చెరుకు చేలోనే ఎండుతుంది, సైదా సాహెబు ఇంట్లో పొయ్యి వెలగదు.

అతను ఇంటికి వెళ్లి సొంత గుమ్మం తలుపు, ద్వారబంధంతో సహా ఊడదీశాడు. భార్య మీరాబీ ఆ ఖాళీలో గోనెపట్టా కట్టింది. మర్నాడు జాగాలో రెండు రాళ్ల మధ్య ద్వారబంధం నిలబెట్టి తలుపుకి తాళం కూడా వేశాడు.

“దొంగోడొత్తే తాళం సూసి ఎళ్లిపోతాడేటి?” అంది మీరాబీ.

“దొంగోడి కోసం కాదే. గుమస్తా వత్తాడు.”

ఇళ్లకు నెంబర్లు వేసే గుమస్తా త్రినాధరావు రంగు డబ్బాతో వచ్చి, తలుపు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“గోడలేవి సాయిబూ?”

“తరవాత వత్తాయి బాబూ. తవరు నెంబరేసేది తలుపుకే గదా, గోడకి కాదు గదా.”

త్రినాధరావు రేకు దరఖాస్తు తీసుకుని చదివాడు. బోర్లించిన పెనం వైపు, దాని మీద కూర్చున్న పైడిరాజు వైపు చూశాడు.

“ఈ పెనం ఎన్నాళ్లనుంచుంది ఇక్కడ?”

“పద్దెనిమిది రోజులు బాబూ,” అన్నాడు పైడిరాజు. “సెరుకు ఆగదు.”

గుమస్తా రంగు డబ్బా మూత తీశాడు. కుంచె ముంచి నెంబరు వేశాడు. రంగు ఆరేదాకా సైదా సాహెబు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

దరఖాస్తులో అడిగినవి పన్నెండు రేకులు. మూడు వారాలకు నాలుగు వచ్చాయి. మొదటిది పైడిరాజు పెనానికే కోశాడు. చేలో సగం చెరుకు దక్కింది.

పర్మిట్ ఏటా కొత్తగా తీసుకోవాలి. ప్రతిసారీ నెంబరు చూపించాలి. అందుకని తలుపు జాగాలోనే ఉండిపోయింది. మీరాబీ గుమ్మానికి గోనెపట్టా మూడు చలికాలాలు వేలాడింది.