చివరి వరస ముందు

మా చర్చిలో పియానో ఉందంటే గిద్దలూరులోనే సగంమంది నమ్మరు. దొరల కాలంలో వచ్చిందట. పొట్టి బీరువాలాంటి నల్లటి పెట్టె, గోడకు ఆనించి ఉంటుంది. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల మూకుళ్లు పెడతాం. కుడి చివర మెట్లు కొన్ని మూగవి, ఎంత నొక్కినా పలకవు. దాన్ని వాయించేది మా పెద్దమ్మ ఒక్కతే. నాకు సొంత పెద్దమ్మ కాదు, రిటైరైన ఒకటో తరగతి టీచరు. ఊళ్లో సగంమందికి పెద్దమ్మే. పోయినేడు కీళ్లవాతంతో ఆమె వేళ్లు వంకర్లు తిరిగాయి. ఒక ఆదివారం పాట మధ్యలో చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరకే కూర్చుండిపోయింది. ఆ తర్వాత మళ్లీ ఆ పియానో బల్ల దగ్గరికి పోలేదు.

సంఘపెద్దలకు ఆ మాత్రం సందు చాలు. కీబోర్డు ఎటూ ఉంది, ఈ పెట్టె ఎందుకు, కోత పండుగ వేలంలో పెట్టేద్దామని తేల్చేశారు. కోత పండుగంటే కందులు, మిరపకాయలు ఇంటికొచ్చాక అందరం మా పంటలో మొదటి భాగం చర్చికి తెచ్చే రోజు. గుమ్మడికాయలు, నాటుకోళ్లు, మేకపిల్లలు, ఏది తెచ్చినా ఆరాధన కాగానే అక్కడే వేలం వేస్తారు. మార్కాపురంలో పాత సామాన్లు కొనే సాయిబు ముందుగానే వచ్చి, వెనక చెక్క ఊడదీసి చూసి, "లోపల ఇనుము బాగుండాది" అని పోయాడు. అంటే విరగ్గొట్టి తూకానికి అమ్మేందుకే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పెద్దమ్మ చర్చిలో వెనక బెంచీకి మారింది, దాని మొహం చూడలేక.

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆమె పక్కన కూర్చుని రెండు ముక్కలు నేర్చుకున్నవాళ్లలో ఊళ్లో నేను ఒక్కదాన్నే మిగిలాను. పోయి పెద్ద సంఘపెద్దను అడిగాను, పండుగ రోజు ఆరాధనలో పాడే పాట మొత్తం నేను వాయిస్తే దాన్ని ఉంచుతారా అని. ఆయన నవ్వాడు.

"జాకెట్లు కుట్టుకునేదానివి, నీకెందుకమ్మా ఇదంతా? సరే, వాయించు. వేలం మాత్రం ఆగదు. సంఘం ముందర పెట్టినాక వాళ్ల ఇష్టం."

అట్లా మొదలైంది. పొద్దున్నే దుకాణం తెరవకముందు చర్చికి పోయేదాన్ని. నేను టైలర్ని కదా, పియానో ముందు కూర్చోగానే నా కాలు దాని పెడల్‌ను కుట్టుమిషను తొక్కినట్టు తొక్కేది. స్వరాలన్నీ కలగాపులగమై మోగేవి. అది పెద్దమ్మకు తెలియక ముందే మానుకున్నాను. అసలు రోగం వేరే ఉంది. తప్పు పడగానే మొదటికొచ్చేదాన్ని. మళ్లీ తప్పు, మళ్లీ మొదటికి. పాట మొదటి వరస నిద్రలో లేపినా వాయించగలను. చివరి వరస దాకా చేరిన రోజే లేదు. వారాలు గడిచినా అంతే. కోపం పట్టలేక ఒకరోజు మూత దభీమని వేశాను.

వెనక నుంచి నవ్వు. పెద్దమ్మ ఎప్పుడొచ్చిందో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఏందే అది, ఎక్కాలు అప్పజెప్తా ఉండావా?"

నాకు అర్థం కాలేదు.

"ఏడో ఎక్కం చెప్తా మధ్యలో తడబడితే మొదట్నుంచి చెప్పమని మిమ్మల్ని నిలబెట్టేదాన్ని గదా. ఆ అలవాటు నేను చేసిందే. అందుకే మీకందరికీ ఏడొకట్ల ఏడు బాగా వచ్చు, ఏడు తొమ్ముల దగ్గర నీళ్లు నములుతారు." వచ్చి పక్కన కూర్చుంది. "పాట అట్ల రాదు. ఆకరి వరస ముందు నేర్చుకో. అది వచ్చినాక దాని ముందరిది. రాని దాంట్లోంచి ఎప్పుడూ వచ్చిన దాంట్లోకే పోవాల."

నాకు ఎగతాళిగానే తోచింది. అయినా మొదలుపెట్టాను. చివరి వరస ఒక్కటే, అదీ ఒక్కో చేత్తో. ఎడమచేయి మొద్దు. "అన్నం కలపని చెయ్యి పాపా, దాని తప్పేముంది, విడిగా నేర్పాల" అంది. మెల్లగా, ఇంకా మెల్లగా అంటూ ప్రాణం తీసింది. నాకు విసుగొచ్చి, ఇంతకన్నా మెల్లగా అయితే పాట చచ్చిపోతుంది పెద్దమ్మా అన్నాను.

ఆమె వంకర తిరిగిన వేలిని ఇంకో చేత్తో పట్టుకుని, ఒకే ఒక మెట్టు నొక్కి అలాగే ఉంచింది.

ఆ స్వరం లేచింది. చెక్కలోకి పోయింది, బల్లలోకి వచ్చింది, నా వెన్నులోకి ఎక్కింది. ఆగిందనుకున్నాను, ఆగలేదు. సన్నబడుతూ, సన్నబడుతూ, బయట ఆటో హారన్ల కింద కూడా అది ఉంది. ఎక్కడ ముగిసిందో నాకు తెలియలేదు. చిన్నప్పటి నుంచి ఆ పెట్టె పక్కన పెరిగాను, ఒక్క స్వరం అంతసేపు బతుకుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అంతటిదాని మీద నేను పరుగులు పెడుతున్నానా అనిపించింది.

ఆ తర్వాత ఆమె చెప్పినట్టే చేశాను. చివరి వరస, దాని ముందరిది, దాని ముందరిది. ఒక పొద్దున మూడో వరసలో మొదలుపెడితే, చేతులు వాటంతట అవే చివరిదాకా నడిచి పోయాయి, సాయంత్రం పశువులు దొడ్డికి పోయినట్టు. ఇవి నా చేతులేనా అని తిప్పి తిప్పి చూసుకున్నాను.

పండుగ రోజు చర్చి కిటకిటలాడింది. రాచర్ల వైపు నుంచి కూడా ఆటోల్లో వచ్చారు. సాయిబు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను, అందరూ అందుకున్నారు. రెండో వరసలో వేలు జారింది. చేయి మొదటికి పరిగెత్తబోయింది. కానీ జనం ఆగలేదు, ముందుకు పోతున్నారు. చేతులు పైకెత్తి కాసేపు ఊరకున్నాను. మూడో వరస దగ్గర వాళ్లను కలుసుకున్నాను. అక్కణ్నుంచి ఇక భయం లేదు. పోయేకొద్దీ పాట గట్టిపడింది. ముసలివాళ్ల గొంతులు కిందికి దిగాయి, ఆడవాళ్లవి పైకి లేచాయి, నేల కూడా సన్నగా మోగుతున్నట్టు నా పాదాలకు తెలిసింది. ఇంతమందిని నా వేళ్లు మోస్తున్నాయా, వాళ్లే నన్ను మోస్తున్నారా తెలియలేదు. దేవుడికి భయపడటం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

వేలం మొదలైంది. నిమ్మకాయల బుట్టకే పోటీలు పడ్డారు. తర్వాత సంఘపెద్ద పియానో మీద చెయ్యి వేసి, ఎవరన్నా ధర చెప్పండి అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆయన సాయిబు వైపు చూశాడు. సాయిబు లేచి నిలబడ్డాడు.

"మోగదు, పాడైపోయింది అన్నారు గదా సార్ నాతో," అన్నాడు. "ఇది మోగతా ఉండాదే. మోగేదాన్ని నేనెట్ల పగలగొట్టేది?" అని కూర్చున్నాడు.

సంఘపెద్ద మళ్లీ అడిగాడు. ఇంకోసారి అడిగాడు. కోడిగుడ్డుకు కూడా బేరమాడే జనం, అంత పెద్ద గుంపు, చంటిబిడ్డతో సహా కిక్కురుమనలేదు. అడిగేవాళ్లు లేని వస్తువు వేలంలో తెచ్చిన చోటికే పోతుంది. మా పియానో ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడే ఉంది. సంఘపెద్ద చెయ్యి తీసేసి, తర్వాతి వస్తువు తెమ్మన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దమ్మ వెనక బెంచీలో లేదు. నడిమి దారిలో, బెంచీల అంచులు పట్టుకుని, మెల్లగా ముందుకు వస్తోంది.