మామ కారుకు కరెంటు పెట్టిన వైనం

ఆ రోజుల్లో నంద్యాలలో కారున్న ఇళ్ళకంటే, కారు గురించి తమకే బాగా తెలుసనుకునే కుర్రాళ్ళు ఎక్కువ. డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న కాలం. పెట్రోలు ధర పెరిగిందంటే పెద్దవాళ్ళు తల పట్టుకునేవాళ్ళు. నాలాంటివాళ్ళం మాత్రం మన తెలివికి పని దొరికిందని లోలోపల సంబరపడేవాళ్ళం. పాలిటెక్నిక్ చదువు ముగించి, బజారులో రేడియోలూ మోటార్లూ బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాను. (కొన్ని బాగయ్యేవి. తక్కినవి ఇంకొకరి కొట్లో బాగయ్యేవి.)

మా అమ్మకు అన్న, అంటే మా మామ, చర్చిలో పాస్టరు. ఆళ్లగడ్డ అవతలి దాకా పల్లెల సంఘాలన్నీ ఆయనే చూసుకునేవాడు. అందరికీ ఆయన అయ్యగారు. ఆయనకు ఒక కూతురు, ఒక కారు. కూతురి మీద నాకు ఆశ, కారు మీద ఆయనకు విసుగు. ఎప్పుడో దేశం విడిచిపోయిన ఒక దొరసాని ఇచ్చిపోయిన కారది. ఊరవతల ఉండగానే దాని దగ్గు వినిపించేది కాబట్టి పల్లెల్లో దాన్ని దగ్గుకారు అనేవాళ్ళు. అది తాగే పెట్రోలుకు సంఘాల కానుకలు చాలేవి కావు. ఇంతలో నా మరదలికి డోన్ నుంచి రైల్వే గుమాస్తా సంబంధం వచ్చింది. ఆ గుమాస్తా ఒక ఆదివారం మామ ప్రసంగం విని, "ఇట్లాంటి వాక్యం యాడా ఇనలేదయ్యగారూ, ఇంగా చెప్పింటే బాగుండు" అన్నాడు. మామ మురిసిపోయాడు. ఇక ఊరుకుంటే లాభం లేదనుకున్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి, కారును కరెంటుతో నడిపిస్తానని చెప్పేశాను.

"కరెంటా? ఇంట్లో దీపానికే సరిగ్గ రాదు గదరా!" అన్నాడు మామ.

"బ్యాటరీలతో మామా."

మామ కారు వైపు ఒకసారి చూసి, "ఆళ్లగడ్డ అవతల పల్లెకు తీస్కపోయి, మళ్ళా ఇల్లు చేర్చు. అప్పుడు నీ సంగతి చూస్తా. ల్యాకుంటే డోనోళ్ళకు మాటిచ్చేస్తా" అన్నాడు.

మామ వాకిట్లో వేపకొమ్మకు గొలుసు కట్టి ఇంజన్ను పైకి లాగాం. దండెం మీద అత్త ఆరేసిన తెల్లబట్టలకు గ్రీజు అంటింది. మోటారు కోసం ఊరంతా వెతికి, చివరకు ఒక సినిమా హాల్లో మూలపడి ఉన్న డీసీ జనరేటర్ సంపాదించాను. తెర మీద బొమ్మ పడే దీపానికి కరెంటిచ్చిన యంత్రమది. దానికే బ్యాటరీల నుంచి కరెంటిస్తే మోటారులా తిరుగుతుంది. సినిమా గడప తొక్కని మామ దాని సంగతి తెలిసి గేటు దగ్గరే ఆపేశాడు. "సినిమా మిషనుతో వాక్యం చెప్పేకి పొయ్యేదా?" అత్త నా పక్షం వచ్చింది. "అదేమన్నా బొమ్మ చూసిందా? బయట రూములో పనిచేసింది, అంతే గదా." మామ దాని మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసి లోపలికి రానిచ్చాడు. లేత్ మీద చేయించిన ఇనప చక్రంతో దాన్ని గేరుబాక్సుకు అతికేసరికి ఎండాకాలం గడిచిపోయింది. వెనక సీటు పీకేసి అక్కడ లారీ బ్యాటరీలు పేర్చాను. యాసిడ్ చుక్కలు పడి నా లుంగీ జల్లెడైంది. వేగానికి మూడు మీటలు పెట్టాను. మొదటిది వేస్తే నడక, రెండోది వేస్తే పరుగు, మూడోది వేస్తే ప్రార్థన.

ఒక ఉదయం బయలుదేరాం. చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చిన మమ్మల్ని చూసి ఎద్దులబండ్లవాళ్ళు ఉలిక్కిపడి తిట్టబోయి, అయ్యగారిని చూసి నాలుక కరుచుకున్నారు. ఆళ్లగడ్డ దాటి పల్లె చేరుకున్నాం. మామూలుగా అయితే దగ్గు వినగానే అక్కడ పేకముక్కలు మాయమై, కోడి పొయ్యెక్కి, సంఘపెద్ద చేతిలోకి బైబిలు వచ్చేదట. (ఇది నాకు తర్వాత తెలిసింది.) ఆ రోజు దగ్గు లేదు. ప్రార్థనామందిరం గోడ పక్కన కారు ఆపేసరికి, అరుగు మీద సంఘపెద్ద భుజాన టవలు వేసుకుని, కళ్ళు మూసుకుని, అచ్చం మామ గొంతుతో చెబుతున్నాడు:

"ప్రియులారా, చివరిగా ఒక్క మాట... ఇది గూడా చివరి మాటే..."

"అయ్యగారూ, ఎద్దులకు నీళ్ళు పెట్టొస్తా!" అని ఎవడో అరిచాడు.

"పోయి రా నాయనా. నువ్వొచ్చేదాంకా చివరి మాట మీదనే ఉంటా!"

జనం పడీపడీ నవ్వారు. మామ కారులోనే కూర్చుని మొత్తం విన్నాడు. సంఘపెద్ద కళ్ళు తెరిచి, మమ్మల్ని చూసి, టవలుతో ముఖం కప్పుకున్నాడు. ఆయన భార్య మాత్రం తగ్గలేదు. "ముందుగాల్నే దగ్గి రావల్ల గదయ్యగారూ! ఇట్ల దొంగ మాదిరి వస్తే కోడినెట్ల కోసేది?" ఆ పూట సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడితోనే తిన్నాం. మామ ప్రసంగం ఎంత తొందరగా ముగిసిందంటే, జనం లేవాలో వద్దో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిండిమర దగ్గర బ్యాటరీలకు కరెంటు పెట్టుకుని, పొద్దు వాలాక తిరుగుముఖం పట్టాం.

పాత కారులో పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాలి. అందుకే అన్నాళ్ళూ మామా నేనూ ఏమీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు నేను గుటక మింగినా ఆయనకు వినిపించేలా ఉంది.

"రేయ్, నిజ్జం చెప్పు. నేను అంతసేపు చెప్తానా?"

లేదు మామా అంటే మరదలు నాది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆ ముఖం చూస్తే నోరు రాలేదు.

"చెప్తావు మామా. మూడో చివరి మాట కాడికి నాకు నిద్ర పడతాది."

మామ కిటికీ అద్దం దించి ముఖం బయటికి పెట్టాడు. నేను మనసులో మరదలిని డోన్ రైలెక్కించేశాను. చాలా దూరం పోయాక ఆయన అన్నాడు:

"మీ అత్త గూడా అంతే అంటాది. నేనే నమ్మల్య. మరి ఆ డోన్ పిల్లోడు ఇంగా చెప్పమన్న్యాడే! నాకే ఇంత అబద్దం చెప్పినోడు, రేపు నా కూతురికి ఎన్ని చెప్తాడో."

నంద్యాల పొలిమేరలో బ్యాటరీలు చచ్చిపోయాయి. ఇల్లు చేర్చలేకపోయానని నేను ఏడుపు ముఖం పెట్టాను. మామ దిగి, పంచె పైకి దోపుకుని, కారు వెనక్కి వెళ్ళాడు. "స్టీరింగ్ పట్టుకో, నేను తోస్తా" అని, ఆయాసపడుతూనే, "రేపు మీ నాయన్ను వచ్చి మాట్లాడమను" అన్నాడు. ఆ సంతోషంలో నేను బ్రేకు మీద కాలేశాను. మామ డిక్కీకి గుద్దుకున్నాడు.

పెళ్ళయింది. బ్యాటరీలు పాతబడ్డాక పాత ఇంజనే కారులోకి తిరిగొచ్చింది. ఇప్పుడు నంద్యాల రోడ్ల మీద చప్పుడు లేని బండ్లు ఎదురైతే నాకు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. మరదలు చేజారిపోతుందని తెలిసి కూడా ఉన్నమాట చెప్పేశాడు, పిచ్చివాడు. వాడంటే నాకు చాలా ఇష్టం. వాడి ధైర్యం ఎక్కడ పోగొట్టుకున్నానో తెలియదు. మొన్న మా ఆవిడ గోంగూరలో ఉప్పు రెండుసార్లు వేసి, "ఎట్లుంది?" అని అడిగింది. బ్రహ్మాండంగా ఉందని చెప్పి, ఇంకొంచెం వడ్డించుకున్నాను.