ఇంజను లేని తొలి విమానం

మా నాన్న ఎవరి మాటా నమ్మి మిరపకాయలు కొనే మనిషి కాదు. పైన నిగనిగలాడే ఎర్రకాయ పేర్చి, నడుమ తెల్లబోయిన తాలుకాయ కుక్కడం మా దర్శి వైపు అందరికీ తెలిసిన విద్యే. అందుకే బస్తాను నడుముకి కోసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి కాయ తీసి చూసేవాడు. అంతటి మనిషీ నా చదువు దగ్గర బోల్తా పడ్డాడు.

ఊరూరా ఇంజనీరింగు కాలేజీలు లేస్తున్న రోజులవి. నాకు విమానాల పిచ్చి. నడపాలని కాదు, విప్పి బిగించాలని. గవర్నమెంటు కాలేజీలో మెకానికల్ సీటు వచ్చింది. చేరబోతుంటే మావయ్య అడ్డం పడ్డాడు. అమ్మకు సొంత తమ్ముడు, ఒక కొత్త కాలేజీలో లెక్చరరు.

"మా దగ్గర ఏకంగా విమానమే ఉంది అమ్మడూ! సైన్యంలో పైలట్లకి నేర్పడానికి మొట్టమొదట చేసిన నమూనా. మా పిల్లలు దాన్నే విప్పి నేర్చుకుంటారు."

చూడ్డానికి వెళ్లాం. కాలేజీ ముందు సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టారు. నాన్న చెప్పులు విప్పి, కొత్త ట్రాక్టరుకి చేసినట్టే దాని ముక్కుకి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

"లోపల కూడా చూద్దాం నాన్నా," అన్నాను.

"తప్పమ్మా, సైన్యం బండి. మీ మావయ్య చెప్పాడుగా."

గవర్నమెంటు సీటు వదిలేసి మావయ్య కాలేజీలో చేరాను. మొదటి ప్రాక్టికల్ రోజున విమానం మూత తీశారు. ఇంజను లేదు. సీట్లు లేవు. మీటర్లుండాల్సిన చోట చిల్లులు. ఆ డొల్ల బొమ్మ గీయడమే మా ప్రాక్టికల్. గీసినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

మరుసటేడు మావయ్య మిఠాయి తెచ్చాడు. కూతురికి సీటొచ్చిందట. ఎక్కడ? నేను వదులుకున్న ఆ గవర్నమెంటు కాలేజీలోనే!

"నీ విమానం నీ కూతురికి పనికిరాలేదా మావయ్యా?"

"ఏమే, నోరు!" అంది అమ్మ.

"అందులో ఇంజను లేదని నీకు ముందే తెలుసా?"

మావయ్య తల దించుకున్నాడు. "తెలుసే అమ్మడూ. పిల్లల్ని చేర్పించకపోతే ఉద్యోగం తీసేస్తామన్నారు."

నాన్న మిఠాయి పొట్లం మీంచి చెయ్యి తీసేశాడు. "పరాయివాడి బస్తా అయితే కోసి చూసేవాణ్ణిరా. ఇంటివాడివని కోయలేదు."

ఏడాది తిరక్కుండానే నాన్న అతన్ని క్షమించాడు, బంధుత్వం కదా. నేను క్షమించలేదు. విప్పి బిగించడానికి ఇంజనున్న విమానం నాకు ఈనాటికీ దొరకలేదు.