గంప కింద పాలపిట్ట

మా చిన్నప్పుడు... దసరా నాడు జమ్మికి వెళ్లేముందు పిల్లలమంతా పాలపిట్ట కోసం చేల వైపు పరుగెత్తేవాళ్లం. జనగామ దగ్గర మా ఊళ్లో పాలపిట్ట కనబడకపోతే పండుగ పండుగే కాదు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగానే ఉంటుంది... ఎగిరిందా, రెక్కల్లో దాచుకున్న నీలమంతా ఒక్కసారి బయటపడుతుంది. అది చూసి దండం పెట్టుకుని ఇంటికొచ్చేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయనమ్మ బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగే స్థితి కాదు. ఈ ఏడు పాలపిట్ట తన కంటపడదని ఆమె బాధపడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నేరుగా పిట్టలు పట్టే ఎల్లయ్య ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. నేను మహా మొండిఘటాన్ని... పట్టి తెస్తానని ఆయన ఒప్పుకునేదాకా లేవలేదు.

పండుగ పొద్దున ఎల్లయ్య పిట్ట రెక్కలకు దారం కట్టి తెచ్చాడు. నా చేతిలో పెట్టి ఒక్క మాట చెప్పాడు.

"మీ నాయనమ్మకు సూపెట్టి, దారం తెంపి ఇడిసిపెట్టు బిడ్డా. ఇది గింజలు తినది, పురుగులు తింటది. ఎక్కువసేపు ఆగది."

నాయనమ్మ మంచంలోనే పిట్టకు పసుపు కుంకుమ పెట్టింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. రెక్కలు విప్పదేమే అని అడిగితే, అలిసిపోయిందని చెప్పాను.

అంతలో పక్కింటామె వచ్చింది. ఆమె వెళ్లి వాళ్లత్తను పంపింది. మధ్యాహ్నానికి వాడంతా మా ఇంట్లోనే... వచ్చినవాళ్లందరూ దండం పెట్టి, నా తల నిమిరి, నాయనమ్మ మీద ఎంత ప్రేమో ఈ పిల్లకు అని మెచ్చుకున్నారు. ఎల్లయ్య మాట మరిచిపోయానని అబద్ధం చెప్పను. బాగా గుర్తుంది. ఇంకొక్కరు చూడనీ, తర్వాత వదిలేద్దాం అనుకుంటూనే ఉన్నాను. పొద్దు వాలేసరికి దాన్ని కోళ్ల గంప కింద పెట్టి, గుప్పెడు బియ్యం చల్లి, కొత్త గౌను వేసుకుని జమ్మికి వెళ్లిపోయాను.

తెల్లారి గంప ఎత్తితే బియ్యం చల్లినవి చల్లినట్టే ఉన్నాయి. పిట్ట ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. నాయనమ్మ పెట్టిన కుంకుమ కూడా చెరగలేదు. పెరట్లో కరివేపాకు చెట్టు కింద గుంత తీశాను. దారం అప్పుడు తెంపాను.

నాయనమ్మ అడిగితే ఎగిరిపోయిందని చెప్పాను. మంచిపని చేశావని నా చేతులు కళ్లకద్దుకుంది. మళ్లీ దసరా రాకముందే ఆమె పోయింది... ఆ మాట నిజమనుకునే పోయింది.

ఇప్పుడు మేముండేది ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో, హారిస్‌డేల్‌లో. మా వీధి చివర చిన్న అడవి ముక్క ఉంది. అందులో బ్యాంక్సియా చెట్లు... సాయంత్రమైతే నల్ల కాకటూలనే పెద్ద చిలుకలు గుంపుగా వాలి కాయలు కొరికి కింద పారేస్తుంటాయి. అందులో కొంత కొట్టేసి కమ్యూనిటీ హాలు, కార్ పార్కింగ్ కట్టాలా వద్దా అని కౌన్సిల్ వాళ్లు మా అభిప్రాయం అడిగారు. ఇక్కడి తెలుగువాళ్లం ఏటా స్కూల్ హాల్ అద్దెకు తీసుకుని బతుకమ్మ ఆడుకునేవాళ్లం, ఎగిరి గంతేశాం. అందరికంటే ముందు నేనే. పేపర్ పట్టుకుని నలభై ఇళ్లు తిరిగి, కట్టాలని సంతకాలు పెట్టించాను.

మా పదేళ్ల అమ్మాయి నా వెంటే తిరిగింది. చివరి ఇంటి నుంచి వస్తుంటే ఆ చెట్ల దగ్గర ఆగిపోయింది. "దే ఈట్ హియర్ అమ్మా... వేర్ విల్ దే గో?"

"ఎక్కడికో ఒకచోటికి ఎగిరిపోతాయిలే" అన్నాను.

అనగానే నాలుక కరుచుకున్నాను. ఆనాడు నాయనమ్మ మంచం పక్కన నిలబడి నేను చెప్పింది ఈ మాటే.

ఆ సాయంత్రం మా అమ్మాయికి పాలపిట్ట సంగతంతా చెప్పాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. నన్ను తిడుతుందేమో అనుకున్నాను. వచ్చి పక్కన కూర్చుంది, అంతే.

మర్నాడు మా తెలుగు సంఘం పెద్ద అంకుల్‌కి ఫోన్ చేసి ఆ సంతకాల్లోంచి నా పేరు తీసేయమన్నాను. వచ్చేవారం కౌన్సిల్ మీటింగ్‌లో కూడా వద్దనే చెప్తానన్నాను. ఆయన కోప్పడలేదు.

"పిట్టల కోసం బతుకమ్మకు జాగ వద్దంటవా అమ్మా?"

"బీడు భూముల్ల పూసిన తంగేడు, గునుగు తెచ్చి పేర్చే పండుగ గద అంకుల్... దానికోసం చెట్లు కొట్టుడేంది?"

చూద్దాం అని పెట్టేశారు. ఆయన సంగతి అటుంచి, సంతకాలు పెట్టినవాళ్లందరి ఇళ్లకూ మళ్లీ వెళ్లాలి. వద్దని చెప్పడానికి ఏ ముఖం పెట్టుకుని బెల్లు కొట్టాలో తెలియడం లేదు. నిన్న మూడిళ్లకు వెళ్లాను. ఒక ఇంట్లో టీ కూడా ఇవ్వలేదు... నాకు తగిన శాస్తే.

ఊళ్లో మా చెల్లిని అడిగితే, చేలల్లో పాలపిట్ట కనబడటమే తక్కువైందట. పట్టుకుంటే కేసని తెలిసినా దసరా నాడు పంజరంలో తెచ్చి వీధివీధీ చూపిస్తున్నారట. జనం మొక్కుతూనే ఉన్నారట.

మీలో ఎవరైనా ఈమధ్య పాలపిట్టను ఎగురుతుండగా చూశారా? చూస్తే రెక్కలు విప్పినప్పుడు ఎలా ఉందో కింద కాస్త వివరంగా రాయండి... మా నాయనమ్మ ఆఖరి దసరాకు నేను చూపించనిది అదొక్కటే.