భయపడే జీవికి కళ్లు

మా నాయన అమ్మవారి మట్టిబొమ్మలు చేసేవారు. గూడూరు దగ్గరి కోట చుట్టుపక్కల ఊళ్లలో అమ్మవారికి కొలుపు జాతర జరిగితే ఆయన చేసిన బొమ్మే ఊరేగేది. నేను బొమ్మలు వేయడం ఏ బడిలోనూ నేర్వలేదు. ఆయన పక్కన కూర్చుని, మట్టి పిసుకుతూ నేర్చుకున్నాను. ఆ ఇంటి చదువులో ఒక్కటే గట్టి కట్టుబాటు: కళ్లు చివర పెట్టాలి, పెట్టాక ఇక చెయ్యి వేయకూడదు. ముక్కు వంకరపోయిందని అప్పుడు తెలిసినా సరే.

“కండ్లు పెట్టినాక ఆమే మనల్ని చూస్తాది మే. ఇంక మనం ఆమెను దిద్దేదేంది?” అనేవారు. ఇప్పుడు పని మానేసి మా దగ్గరే ఉంటున్నా అదే మాట.

దేవుడి దయవల్ల ఆ విద్యే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. ఇంట్లో కూర్చునే హైదరాబాదులోని ఒక కార్టూన్ కంపెనీకి బొమ్మలు వేస్తాను. ఒక అమ్మాయి దీవులన్నీ తిరుగుతూ వింత జీవులను పట్టి మచ్చిక చేసుకునే కథ అది. మొన్న కోతల కాలంలో కొత్త జీవి ఒకటి కావాలన్నారు. సముద్రపు ఒడ్డున ఇసుకలో దాక్కుంటుందట, ఎవరికీ చిక్కదట. నేను కోరలు పెట్టాను, ముళ్లు పెట్టాను. దర్శకుడు ఫోన్‌లో నవ్వాడు.

“అక్కా, మనకు భయపెట్టేది వద్దు. భయపడేది కావాలి. అందుకే అది ఎవరికీ దొరకదు.”

దాని ఒళ్లు తేలిగ్గానే వచ్చింది. మన అడుగుల అలికిడికి ఎండ్రకాయలు బొరియల్లోకి జారుకోవడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కళ్లే రాలేదు. ఎన్నిసార్లు వేసినా కోపంగానో నిద్రమత్తుగానో ఉండేవి. చివరికి అలాగే పంపాను. వాళ్లకు నచ్చింది. “సూపర్ అక్కా, ఇక ముట్టుకోకండి” అన్నాడు దర్శకుడు.

ముట్టుకున్నాను. మరునాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఎవరూ అడగకుండానే బొమ్మ తెరిచాను. టాబ్లెట్‌లో బొమ్మ ఒకదానిమీద ఒకటి పరిచిన అద్దాల్లాగా ఉంటుంది. కళ్లు ఒక అద్దం మీద, ఒళ్లు ఇంకొకదాని మీద. కళ్లున్న అద్దాన్ని కనబడకుండా ఆపేస్తే ముఖం బోసిపోతుంది. ఆపడం, కొత్తవి వేయడం, నచ్చక చెరపడం. ప్రతిసారీ లోపల “తప్పు తల్లీ” అనుకుంటూనే ఉన్నాను.

అప్పుడు వచ్చింది మా పాప. ఎనిమిదేళ్లది. ఇంటి ముందు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తూర్పారబడుతున్నారు.

“మా, కంట్లో ఏందో పడింది.”

“నలపబాక. పోయి కడుక్కో.”

మళ్లీ వచ్చింది. “ఇంకా గుచ్చుకుంటా ఉంది మా.”

“ఒక్క నిమిషం అన్నానా!”

అనలేదు. అన్నాననుకున్నాను. నేను తలెత్తేసరికి అరగంట దాటింది. పిల్ల గుమ్మం పక్కన కూర్చుని పిడికిలితో కన్ను నలుపుతోంది. చెయ్యి తీస్తే ఎర్రగా, వాచిపోయి ఉంది. నా ఒళ్లో టాబ్లెట్‌ మీద ఆ జీవి కళ్లు లేని ముఖంతో ఉంది.  ఆ కళ్లకూ ఈ కంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ భయం మన తెలివిని అడిగి రాదు కదా.

మా ఆయన బండి మీద గూడూరు తీసుకుపోయాం. కంటి డాక్టరుగారు పసుపుపచ్చ మందు వేసి, నీలం దీపంతో చూశారు.

“వడ్ల నూగు పడింది, తీసేశాను. నల్లగుడ్డు మీద గీసుకుంది. ఎంతసేపు నలిపింది?”

“అరగంట” అన్నాను. మా ఆయన నావైపు చూశారు. 

“గంటకోసారి చుక్కలు వేయండి. టార్చితో చూస్తూ ఉండండి. తెల్లమచ్చ కనబడితే ఒక్క పూట కూడా ఆగొద్దు, నెల్లూరు పెద్దాసుపత్రికి పోండి. వడ్లతో తగిలిన దెబ్బను నమ్మలేం.”

“చూపుకేమన్నా...”

“ఎల్లుండి చెప్తానమ్మా.”

కిటికీకి దుప్పటి కట్టాను. గంటకోసారి దండం పెట్టుకుని చుక్కలు వేసి, టార్చి వెలిగించేదాన్ని. వెలుగు పడగానే పిల్ల కింది రెప్ప పైకి లేచేది. కన్ను పూర్తిగా మూసేది కాదు. మూస్తే నా చెయ్యి ఏం చేస్తుందో కనబడదని కాబోలు. ఆ సందులోంచి నల్లగుడ్డు నా వేళ్ల వైపు తిరిగేది.

ఇదే, అనిపించింది నాకు. ఇన్నాళ్లూ పై రెప్పనే దిద్దుతూ వచ్చాను. భయం కింది రెప్పలో ఉంది.

అలా అనిపించగానే టార్చి ఆపేశాను. అయినా మళ్లీ వేశాను. మచ్చ కోసమా, రెప్ప కోసమా? నాకే తెలియలేదు.

“ఎంతసేపు చూస్తావు మా? మండతా ఉంది” అంది పిల్ల.

వసారాలో ఉన్న నాయనకు జరిగిందంతా చెప్పాను, రెప్ప సంగతి తప్ప.

“వాళ్లు బాగుందన్నారు గదా. మళ్లా ఎందుకు తెరిచినావు?”

“బాగా రాలేదు నాయనా.”

“ఎవురికి?”

నేను చేతిలోని చుక్కల సీసాకు మూత బిగించాను.

“ఇప్పుడు దానికి కండ్లుండాయా?”

“లేవు.”

“అట్టా బోసి మొఖంతో వదిలేసి లేచినావా! పో, పో. పెట్టి, దణ్ణం పెట్టి, మూసెయ్. ఆ తర్వాత తెరిచినావంటే చేతులు ఇరగ్గొడతా.”

పిల్ల నిద్రపోతుంటే పక్కనే కూర్చుని వేశాను. కింది రెప్ప పైకి, చూపు పక్కకు. ఒక్క గీతా చెరపలేదు. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. పంపించి మూసేశాను.

మూడోరోజు డాక్టరుగారు నీలం దీపం వేసి చాలాసేపు చూశారు. నేను పిల్ల గడ్డం పట్టుకుని ఉన్నాను. అది పళ్లు బిగించడం నా వేళ్లకు తెలుస్తోంది.

“మానిపోయింది. మచ్చ లేదు. చూపు బాగుంది.”

బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాను. కన్ను దక్కినందుకు దేవుడికి మనసారా మొక్కుకున్నాను. బొమ్మకు కళ్లు కుదిరినందుకు మాత్రం మొక్కలేకపోయాను. అవి ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలుసు కదా.

మా ఆయన మందులు కొంటున్నారు. పిల్ల నా ఫోను లాక్కుని, కంపెనీవాళ్లు రంగులు వేసి తిరిగి పంపిన బొమ్మను తెరిచేసింది. బాగున్న కన్ను అరచేత్తో మూసుకుని, మానిన కంటితో చూసింది.

“కనపడతా ఉందా?” అన్నాను.

“ఓ, బాగా కనపడతా ఉంది. మా, దీన్ని ఎవురన్నా కొట్టినారా?”

“లేదమ్మా.”

“మరి ఎందుకట్టా చూస్తా ఉంది?”

 పిల్ల ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తనే అంది:

“పాపం, వాళ్లమ్మ పనిలో ఉన్నిందేమోలే.”