రోజూ పచ్చబడే సిగ్నల్

కోవిడ్ తర్వాత రైలు బండ్లన్నీ మళ్లీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది, ఫిబ్రవరిలో, నన్ను ఢిల్లీకి తూర్పున ఉన్న ఒక సెక్షన్‌కు చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. లోకో పైలట్లతో పాటు ఇంజన్‌లో ప్రయాణించి వాళ్ల పని గమనించడం, లోపం కనిపిస్తే కూర్చోబెట్టి చెప్పడం ఆ ఉద్యోగం. అలా చెప్పడాన్ని మేము కౌన్సెలింగ్ అంటాం. చెప్పాక సంతకం తీసుకుంటాం. నేను ఐటీఐ చదివి అసిస్టెంట్ పైలట్‌గా చేరి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాడిని. ఎవరేం చెప్పినా, ఎన్నిట్లో ఎన్నిసార్లు అని అడగడం నా అలవాటు. దానివల్ల స్నేహితులేమీ పెరగలేదు.

చేరిన కొద్ది వారాలకే మా సెక్షన్‌లో ఒక ప్యాసింజర్ బండి ఎర్ర సిగ్నల్ దాటింది. మా శాఖలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. ఎవరికీ దెబ్బ తగలకపోయినా ఉద్యోగం పోవచ్చు. బండి నడిపింది అప్పారావు. విజయనగరం వైపు మనిషి. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసులో ఒక్క మెమో లేదు. భార్య, ఇద్దరు పిల్లలతో ఢిల్లీ పక్కనే వైశాలిలో అద్దెకుండేవాడు. ఊపిరి పరీక్షలో మద్యం లేదని తేలింది. ముందురోజు విశ్రాంతి సరిపడా దొరికింది. పొగమంచు రోజులు దాటిపోయాయి. బ్రేకులు బాగున్నాయి. అతన్ని కాపాడే సాకు ఒక్కటీ మిగల్లేదు.

దాటింది హోమ్ సిగ్నల్. స్టేషన్‌లోకి రావడానికి అనుమతి ఇచ్చేది అదే. దానికి ముందున్న సిగ్నల్ పసుపు చూపిస్తే, హోమ్ దగ్గర ఆగడానికి సిద్ధపడమని అర్థం. ఇక్కడ హోమ్‌కూ స్టేషన్‌కూ మధ్య ఒక లెవెల్ క్రాసింగ్ ఉంది. గేటు పడి తాళం పడితే తప్ప హోమ్ పచ్చబడదు. ఆ రోజు ఒక ఈ-రిక్షా గేటు కింద ఇరుక్కుంది. సిగ్నల్ ఎర్రగానే ఉండిపోయింది. బండి ఇంజన్, ఒకటిన్నర పెట్టె సిగ్నల్ దాటాక, రోడ్డుకు కొద్ది దూరంలో ఆగింది.

సిగ్నల్ కనబడగానే పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ చెయ్యెత్తి దాని రంగు ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి. ఇద్దరూ చెప్పుకున్నారు. అసిస్టెంట్ "ఎరుపు" అన్నాడు, అప్పారావు "ఎరుపు" అన్నాడు, బండి సాగుతూనే ఉంది. స్పీడ్ రికార్డర్‌లో కూడా అంతే: పసుపు దాటాక బ్రేక్ నామమాత్రం, ఎమర్జెన్సీ బ్రేక్ చివర్లో.

నేను అప్పారావును విడిగా కూర్చోబెట్టి అడిగాను.

"రోజూ ఇచ్చేస్తాడు సార్ స్టేషన్ మాస్టర్. పసుపు దాటి, అలా మలుపు తిరిగేసరికి పచ్చ ఇచ్చేస్తాడు. ఆవేళా ఇచ్చేస్తాడనుకున్నాను."

"ఎరుపు అని నోటితో చెప్పావు కదయ్యా."

"చెప్పాను సార్. రోజూ చెప్తాను."

బయట అతని భార్య నిలబడి ఉంది. "ఇంట్లో నేను ఒక్క కేక వేస్తే ఎక్కడివాడక్కడ ఆగిపోతాడు అన్నయ్యగారూ, ఎర్ర దీపానికి ఆగలేదంటే నమ్మమంటారా?" అంది. నవ్వబోయి ఆగిపోయింది. పెద్దపిల్ల పన్నెండో తరగతి పరీక్షలు రాస్తోందని, విషయం ఇంకా చెప్పలేదని అంది.

విచారణకు ముందు నేను వేర్వేరు పైలట్లతో అదే దారిలో ఇంజన్‌లో తిరిగాను. పక్కన ఇన్‌స్పెక్టర్ ఉన్నాడని అందరూ జాగ్రత్తగానే ఉన్నారు. అయినా పసుపు దాటాక గట్టిగా బ్రేక్ వేసినవాళ్లు తక్కువ. పదింట తొమ్మిదిసార్లు మేము చేరేలోపు హోమ్ పచ్చబడింది. ముందే బ్రేక్ వేసినవాడికి టైము పోయింది, కంట్రోల్ రూమ్ నుంచి ఎందుకు లేటని ప్రశ్న వచ్చింది. వేయనివాడిని ఎవరూ ఏమీ అడగలేదు.

గేటు దగ్గరికీ వెళ్లాను. గేట్‌మన్ విసుగ్గా చెప్పాడు. "ముందే వేస్తే రోడ్డు మీదివాళ్లు నా ఇంట్లోవాళ్లందరినీ తలుచుకుంటారు సాబ్. బండి దగ్గరికొచ్చాక వేస్తే స్టేషన్ మాస్టర్ ఒక్కడే తిడతాడు. ఒక్కడు తిట్టడమే నయం కదా, భాయ్ సాబ్." గేటు ఆలస్యంగా పడుతుందని తెలిసి రిక్షావాళ్లు చివరి క్షణం వరకూ దూరేవాళ్లు. వాళ్లు దూరడం వల్ల గేటు ఇంకా ఆలస్యమయ్యేది.

విచారణ ముగ్గురిది: నడిపే శాఖ నుంచి నేను, సిగ్నల్ శాఖ నుంచి ఒకరు, ట్రాఫిక్ శాఖ నుంచి అధ్యక్షుడిగా ఒక సీనియర్ అధికారి. నేను గేటు సంగతి కారణాల్లో చేర్చాలన్నాను. అధికారి ఓపికగానే విన్నారు. ఎరుపు దగ్గర ఆగమని రూలు చెబుతుందని, అది ఎందుకు ఎర్రగా ఉందో, నిన్న ఎలా ఉందో పైలట్ లెక్కవేసుకోవచ్చని చెప్పదని అన్నారు. అది నిజం. చివరికి లోకో పైలట్ నిర్లక్ష్యం అని కారణం రాసి, గేటు ముందుగా వేయాలని సిఫార్సుల్లో ఒక వాక్యం చేర్చాం. ముగ్గురం సంతకం చేశాం.

అప్పారావును ఉద్యోగం నుంచి తొలగించారు. అప్పీలులో శిక్ష తగ్గి, స్థాయి దించి, క్రూ లాబీలో కూర్చోబెట్టారు. డ్యూటీ ఎక్కేవాళ్లకు ఊపిరి పరీక్ష చేసే పని. జీతం తగ్గింది. మళ్లీ బండి ముట్టుకోలేదు. కనబడినప్పుడు నమస్తే సార్ అనేవాడు, అంతకుమించి మాట్లాడేవాడు కాదు.

సెక్షన్‌లోని పైలట్లందరికీ నేను కౌన్సెలింగ్ చేశాను. కొన్ని నెలలు అందరూ ఆ పసుపు దగ్గర గట్టిగా బ్రేక్ వేశారు. భయం పనిచేసింది. గేటు కూడా కొన్నాళ్లు ముందుగా పడింది. రోడ్డు స్తంభించి, ఫిర్యాదులు వచ్చి, మళ్లీ పాత పద్ధతికి వచ్చింది. వర్షాలు మొదలయ్యేసరికి పైలట్ల చేతులూ పాత పద్ధతికి వచ్చాయి. అందరి సంతకాలూ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి.

తర్వాత అక్కడ అండర్‌పాస్ కట్టి గేటు ఎత్తేశారు. రోడ్డు కోసం ఆగే పని లేకపోవడంతో హోమ్ ముందుగానే పచ్చబడేది. ఇక అది ఎర్రగా ఉందంటే స్టేషన్‌లో నిజంగా మరో బండి ఉన్నట్టే. ఆ నెలలోనే పైలట్లు పసుపును పసుపుగా చూడడం మొదలుపెట్టారు. అందుకు నేనెవరికీ ఒక్క మాట చెప్పలేదు.

మోకాళ్లు సహకరించక యాభై అయిదో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఆ కేసు నుంచి నాకు తెలిసింది ఇంతే. మనిషికి మనం చెప్పేది నెలకొకసారి, అతని పని అతనికి చెప్పేది రోజూ. రెండూ వేర్వేరుగా ఉంటే అతను రోజూ వినేదాన్నే నేర్చుకుంటాడు, తాను నేర్చుకున్నట్టు అతనికే తెలియదు. దీనివల్ల తప్పు తప్పు కాకుండా పోదు. ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో నేను రూలు చదివి వినిపించడం తగ్గించి, ఒక్కో సిగ్నల్ దగ్గర చివరిసారి ఎప్పుడు నిజంగా ఆగారో చెప్పమని అడిగేవాడిని. ఎక్కువమందికి గుర్తు రాని సిగ్నళ్లను ఏరి, ముందు వాటి మీద పై అధికారులకు రిపోర్టు పంపేవాడిని. కొన్నింటికి జవాబు వచ్చింది.